ముందు చూడు, తర్వాత విప్పు

ప్రియమైన గుసగుసకు,

ఎలా ఉన్నావు? ఇక్కడ కొండ మీద మబ్బు దిగి కూర్చుంది. జనరేటర్ గది తలుపు తీస్తే చాలు, పిలవని చుట్టంలా లోపలికి వచ్చేస్తోంది. నా ఒంటికేం లేదు, బాగానే ఉన్నాను. ఫోన్ లైన్ బాగుండడం లేదు, అందుకే చేయలేకపోతున్నాను. కొన్నాళ్ళు ఉత్తరాలే. అయినా ఫోన్లో నువ్వు మాట్లాడింది తక్కువ, నీ ఊపిరి వినిపించింది ఎక్కువ.

మా వాతావరణ కేంద్రానికి సరుకులు తెచ్చే బండి డ్రైవర్ నీకొక చిన్న పార్శిల్ ఇస్తాడు. అందులో పెన్ డ్రైవ్ ఒకటి, తలకు తగిలించుకుని మాట్లాడే మైకు ఒకటి ఉంటాయి. పెన్ డ్రైవ్‌లో ఒక మూట ఉంది. దాన్ని మన పాత కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మన దాంట్లో ఉన్నది లైనక్స్. అందరి ఇళ్ళలో ఉండేది కాదు కనుక వాళ్ళనూ వీళ్ళనూ అడిగితే తలా ఒకటి చెబుతారు. నేను రాసినట్టు చెయ్యి.

మూట అంటే భయపడకు. నేను బయలుదేరేటప్పుడు నువ్వు నా చొక్కాలన్నీ మడిచి, మోకాలు పెట్టి నొక్కి ఒక్క సంచీలో పట్టించావు గుర్తుందా? ఇదీ అంతే. చాలా ఫైళ్ళను ఒకచోట పేర్చి కట్టడం టార్ పని. దాన్ని నొక్కి చిన్నది చేయడం జిజిప్ పని. అందుకే మూట పేరుకు రెండు తోకలుంటాయి: matalu.tar.gz. ఇక్కడ మా పరికరాలు చూసే కళ్ళద్దాలాయన నాకు ఇదంతా నేర్పాడు.

పెన్ డ్రైవ్ ఫోల్డర్ తెరిచి, అందులోనే టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి ముందు ఇది కొట్టు:

sha256sum matalu.tar.gz

పొడుగ్గా ఒక అక్షరాల వరస వస్తుంది. అది మూటకు ముద్ర లాంటిది. ఆ వరస ఈ కాగితం వెనక రాశాను, ఒక్కొక్కటే సరిచూసుకో. దారిలో ఎవరైనా మూటలో చుక్క మార్చినా ముద్ర మొత్తం మారిపోతుంది. అందుకే మూటను బండిలో, ముద్రను పోస్టులో పంపుతున్నాను. ముద్ర కలిశాక, విప్పకముందే లోపల ఏముందో చూడవచ్చు:

tar -tzf matalu.tar.gz

చూశాక విప్పడానికి t బదులు x పెట్టు. అప్పుడు matalu అనే ఫోల్డర్ వస్తుంది. cd matalu అని దాంట్లోకి వెళ్ళి, ./install.sh అని కొట్టు. ఎవరు ఏం పంపినా ముందు చూడు, తర్వాత విప్పు. ఇంకో మాట. పని సవ్యంగా జరిగితే ఆ నల్ల కిటికీ ఏమీ అనదు. తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది.

ఇదంతా దేనికని ఇప్పుడే అడగకు. వచ్చాక చెబుతాను. అక్కకు కూడా చెప్పనక్కర్లేదు. సెలవు మాత్రం ఈసారి కూడా కుదిరేలా లేదు.

ఎప్పటికీ నీ,
ఇంజనాయన

*

‘ఏవండీ’ తప్ప ఇంకో పిలుపు ఎరగని నేను, ప్రియమైన మీకు రాసేది,

మీ ఉత్తరం ముందు వచ్చింది, పార్శిల్ తర్వాత వచ్చింది. డ్రైవర్ మెట్ల కిందే నిలబడి ఇచ్చాడు. మంచినీళ్ళిచ్చి మీరెలా ఉన్నారని అడిగాను. రెండోసారి అడిగితే గానీ అతనికి వినపడలేదు, నా గొంతు సంగతి మీకు తెలిసిందే. “బాగానే ఉన్నాడమ్మా. కాకపోతే ఈమధ్య పెద్దమనిషైపోయాడు. వెనకనుంచి పిలిస్తే తిరిగి కూడా చూడడు. మునుపైతే నా బండి మలుపులో ఉండగానే గేటు దగ్గరికి వచ్చేవాడు,” అన్నాడు. ఫోన్ లైన్ ఎప్పటికి బాగుపడుతుందని అడిగాను. “లైనుకేమైంది? నిన్న అక్కణ్ణించే మా ఇంటికి మాట్లాడాను కదా,” అన్నాడు.

ఆ మాట మింగి మేడెక్కాను.

మీ అక్కకు చెప్పొద్దని రాశారు. పక్క వాటాలో ఉండే వదినకు తెలియకుండా ఈ ఇంట్లో పాలు కూడా పొంగవని మీకు తెలియదా? పొద్దున్నుంచీ కూరగాయల మార్కెట్లో వేలం పాడి, సాయంత్రం వచ్చి నా గుమ్మంలో కాళ్ళు చాపుకుంటుంది. పార్శిల్ చూసింది, ఉత్తరం అడిగింది, ఇచ్చాను. ఇవ్వకపోతే తీసుకునేదే. చదివి, “తాళం వేసిన పెట్టెను నేను అనుమానించను పిల్లా. తాళం వేశాను, తాళం వేశాను అని ఊరంతా చాటే పెట్టెనే అనుమానిస్తాను. ఇంత జాగ్రత్త దేనికి వాడికి?” అంది.

ముద్ర ఇద్దరం కలిసే చూశాం. ఆవిడ వంకాయల బుట్టకు ధర పాడినట్టు ఒక్కో అక్షరం పాడుతుంటే, నేను తెర మీద వేలు పెట్టి సరిచూశాను. అన్నీ కలిశాయి. నాకు ముందు సంతోషం వేసింది. తర్వాత అదే గుచ్చుకుంది. దారిలో ఎవరూ ముట్టుకోలేదంటే, లోపల ఏముందో అది మీరు పెట్టిందే.

విప్పకుండా లోపలికి చూశాను. పేర్లు వరసగా వచ్చాయి. install ఉంది, vakyalu ఉంది. record అని ఒకటి ఉంది. ఆ మాట నాకు తెలుసు. listen అని ఇంకొకటి ఉంది. అదేమిటని కింద కొట్లో దర్జీగారిని అడిగాను. నేను చేతికుట్టు వేసే బట్టలు ఇస్తూ, “వినడమమ్మా,” అన్నారు. ఎవరు వినడానికండీ? ఏం వినడానికి?

అయినా మీరు చెప్పారని విప్పాను. నల్ల కిటికీ ఏమీ అనలేదు. ఫోల్డర్‌లోకి వెళ్ళి install కొట్టాను. అప్పుడు నోరు విప్పింది. Permission denied అంది. అక్షరాలు కాగితం మీదకు ఎత్తుకుని మళ్ళీ దర్జీగారి దగ్గరికి దిగాను. అనుమతి లేదని అర్థమట. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. “ఇల్లు నీది, కంప్యూటర్ నీది, మొగుడు నీవాడు. నీకే అనుమతి లేదట. ఇంకెవరికుందో కనుక్కో,” అంది. ఆ చివరి మాట అన్నాక ఆవిడే నవ్వడం ఆపేసింది.

నిన్న వదిన మార్కెట్ నుంచి మీ కేంద్రానికి ఫోన్ చేసిందట. ఎవరో ఎత్తి, ‘పక్కనే ఉన్నాడు’ అన్నారట. కాసేపయ్యాక, ‘ఉత్తరం రాస్తానంటున్నాడు’ అని పెట్టేశారట. పక్కనే ఉన్న మనిషి అక్కతో ఒక్క మాట మాట్లాడలేకపోయాడా?

అడగకు అన్నారు, అడగను. కానీ అడగకుండా ఉండగలను గాని, అనుకోకుండా ఎలా ఉంటాను? సెలవు రెండుసార్లు వాయిదా వేశారు, ఇది మూడోది. మీరు ఈ ఇంటికి వస్తారా రారా, ఆ ఒక్కటీ రాయండి.

మీ,
గుసగుస

*

ప్రియమైన గుసగుసకు,

తప్పు నాది. మూటను పెన్ డ్రైవ్ మీదే విప్పావు కదూ? అక్కడ విప్పితే ఫైళ్ళు చదవనిస్తుంది గాని వాటిని నడపనివ్వదు. సంతలో బట్ట కొనుక్కోవచ్చు గాని అక్కడే మిషన్ పెట్టుకుని కుట్టలేం కదా, ఇంటికి తెచ్చుకోవాలి. మూటను ముందు మన హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యి. అక్కడ మళ్ళీ విప్పు. అప్పుడు install నడుస్తుంది. మధ్యలో పాస్‌వర్డ్ అడుగుతుంది. నువ్వు కొడుతుంటే తెర మీద ఒక్క అక్షరం కూడా కనపడదు, చుక్కలు కూడా రావు. అది విననట్టే ఉంటుంది గాని వింటుంది. కొట్టి ఎంటర్ నొక్కు.

ఎక్కాక ఒక కిటికీ తెరుచుకుని ఒక్కో వాక్యం చూపిస్తుంది. మైకు తగిలించుకుని నువ్వు వాటిని పైకి చదవాలి. నువ్వు ఎలా మాట్లాడతావో అలాగే చదువు. నీ గొంతే కావాలి. పక్కన ఎవరూ ఉండకూడదు. అన్నీ అయ్యాక gontu అనే ఫోల్డర్ తయారవుతుంది. దాన్ని తిరిగి మూట కట్టడం తేలికే, ఈసారి c పెట్టాలి:

tar -czf gontu.tar.gz gontu

ఆ మూటను పెన్ డ్రైవ్‌లో వేసి డ్రైవర్‌కు ఇచ్చెయ్యి.

డ్రైవర్ ఏదో అన్నాడని మనసు పాడు చేసుకోకు. ఇంజను పక్కన పనిచేసేవాణ్ణి, ఏదో ధ్యాసలో ఉంటాను. అక్క ఫోన్ చేసినప్పుడు చేతులనిండా గ్రీజు. ఈ పని నువ్వు ఎంత తొందరగా పూర్తి చేస్తే నేను అంత తొందరగా వస్తాను. ప్రస్తుతానికి ఇంతకన్నా రాయలేను.

నీ,
ఇంజనాయన

*

ప్రియమైన మీకు,

మీరు చెప్పినట్టే ఇంటి ఫోల్డర్‌లోకి తెచ్చుకుని విప్పాను. ఎక్కింది. పాస్‌వర్డ్ దగ్గర మాత్రం మీరు ముందే రాసినా తికమకపడ్డాను. కొడుతున్నాను, ఏమీ పడడం లేదు. కీబోర్డు పాడైందేమో అనుకున్నాను. అన్నీ లోపల పెట్టుకుని పైకి ఏమీ చూపించని వాళ్ళను ఈమధ్య నమ్మబుద్ధి కావడం లేదు. అయినా ఎంటర్ నొక్కాను, తీసుకుంది.

వాక్యాలు వచ్చాయి. ఒకసారి చదువుకున్నాను. “ఏవండీ, ఎవరో తలుపు కొడుతున్నారు.” “ఏవండీ, వెనక బండి వస్తోంది, పక్కకు జరగండి.” “కుక్కర్ కూత వేసింది, దించండి.” “మిమ్మల్నే, ఇటు చూడండి.” “సరే, అలాగే కానివ్వండి.” “నాకేం అభ్యంతరం లేదు.” ఇలాంటివి తెర నిండా ఉన్నాయి. ఎవరు రాశారండీ ఇవి? వెనక బండి వస్తోందని మీకు నేను చెప్పాలా? బండి నాలుగు వీధుల అవతల ఉండగానే ఇంజను చప్పుడు విని ఏ కంపెనీదో చెప్పే మనిషి మీరు.

వదిన ఊరుకోలేదు. “‘సరే, అలాగే కానివ్వండి’. ‘నాకేం అభ్యంతరం లేదు’. ఈ రెండూ చూడు. ఈ రోజుల్లో మనిషి గొంతును ముక్కలుగా కోసి, తిరిగి ఎలా కావాలంటే అలా అతికిస్తారట. మార్కెట్లో చెప్పుకుంటుంటే విన్నాను. రేపు పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి, ఇదిగో మా ఆవిడే ఒప్పుకుంది, నాకేం అభ్యంతరం లేదంది అని వినిపిస్తే, గట్టిగా కాదనడానికైనా నీకు గొంతుందా?” అంది. తమ్ముడి మీద అంత మాట అంటారా అన్నాను. “తమ్ముడే గనుక అంటున్నాను. ఫోన్ దగ్గరికి రాని తమ్ముణ్ణి ఏమనుకోమంటావు? కాయ పైకి నిగనిగలాడుతుంటే నేను ముందు తొడిమ చూస్తాను. వీడు నాకు తొడిమే చూపించడం లేదు,” అంది.

నేను మైకు పక్కన పెట్టేశాను. మీ మీద అనుమానపడుతున్నానని నాకే సిగ్గేసింది. ఆ సిగ్గు తగ్గేలోపే మళ్ళీ అనుమానం వచ్చింది. మొగుడి చొక్కా మీద కొత్త వాసన పట్టుకుని ఏడ్చే ఆడవాళ్ళుంటారు. నాకు ఆ అవకాశం కూడా లేదు, మీ చొక్కాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి. నా దగ్గరున్నదల్లా మూడు వాయిదాలు, ఒక మూట.

చదవడం పూర్తయింది. చదివిన గొంతు బొంగురుపోయి వేడినీళ్ళు తాగాల్సి వచ్చింది. మూట కట్టి, విప్పకుండా ఒకసారి లోపల చూసి, డ్రైవర్‌కు ఇచ్చాను.

మీరు చెప్పినవన్నీ జరిగాయి. ఇక నేను అడిగేది ఒక్కటే. ఆ గొంతు వినండి. విని, ఎలా ఉందో రాయండి.

మీ,
గుసగుస

*

ప్రియమైన గుసగుసకు,

మూట అందింది. నీ గొంతు విన్నాను. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని. అదే మెత్తదనం, మాట చివర ఊపిరి కలిసిపోవడం, ‘ఏవండీ’ అన్నాక కాస్త ఆగడం. నేను తల వంచి నీ నోటి దగ్గర చెవి పెట్టి వినేవాణ్ణి చూడు, అలాగే వంగి విన్నాను. కళ్ళద్దాలాయన చూసి నవ్వుకున్నాడు.

ఆయన ఇప్పుడు ఆ మూటతో ఇక్కడి పెద్ద కంప్యూటర్‌లో ఏదో పని చేస్తున్నాడు. అది కాగానే ఇంకో మూట పంపుతాను, ఇదే పద్ధతిలో ఎక్కించుకోవాలి. ఆ తర్వాత సెలవు సంగతి చూస్తాను.

చాలా సంతోషంగా ఉంది.

నీ,
ఇంజనాయన

*

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను.

ఆ గొంతు నాది కాదు.

మీ అక్కది. ప్రతి వాక్యం ఆవిడే చదివింది. తమ్ముణ్ణి ‘ఏవండీ’ అనాల్సి వచ్చిన ప్రతిసారీ మొహం అదోలా పెట్టి, నన్ను చూసి ముక్కు గోక్కుని మరీ చదివింది. నేను మైకు తగిలించుకోనే లేదు. ఆలోచన ఆవిడదే. “నా గొంతు కోసి వాడేం అతికిస్తాడో చూద్దాం. పుట్టినప్పటినుంచీ నా అరుపులు విని పెరిగినవాడు, మొదటి మాటకే తెలుసుకుని నాలుగు తిట్టి రాస్తాడు. తిట్టాడంటే మనవాడే, ఏ గొడవా లేదు. తిట్టలేదంటే ఆ మూట వాడు విప్పనైనా లేదన్నమాట,” అంది.

ఆ ఉత్తరం కోసం నేనెలా ఎదురుచూశానో మీకు తెలియదు. తిట్లు ఉంటాయని ఆశగా విప్పాను. మెత్తదనం ఉంది. మార్కెట్ ఈ చివర అరిస్తే ఆ చివర తూకం ఆగిపోయే గొంతులో మీకు మెత్తదనం వినిపించింది. మాట చివర ఊపిరి వినిపించింది. ఎంత బాగా రాశారండీ. అంత బాగా రాశారు కనుకనే ఏడ్చాను. నా గొంతు అచ్చంగా అలాగే ఉంటుంది. అది గుర్తుపెట్టుకుని వినకుండానే రాసేశారు.

వదినకు చూపించాను. చదివి మడిచి నా చేతికిచ్చి, ఏమీ అనకుండా వాళ్ళ వాటాలోకి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

ఎవరి దగ్గర ఉన్నారు? ఆ మూట ఎవరి చేతికి ఇచ్చారు? ఎవరో విని ‘బాగుంది’ అంటే మీరు ఉత్తరం రాశారా? కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశాను. ఇంకో మూట పంపకండి, విప్పను. నిజం రాస్తే చదువుతాను. లేకపోతే ఇదే నా ఆఖరి ఉత్తరం, మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను.

*

ప్రియమైన గుసగుసకు,

ఎవరూ లేరు. నీ మీద ఒట్టు, ఎవరూ లేరు. ఇది నిలబడి చదవలేవు, ముందు కూర్చో.

నాకు వినపడడం లేదు.

ఎండలు పోయి వానలు మొదలయ్యే రోజుల్లో, నేను పక్కనే ఉండగా పెద్ద జనరేటర్ పొగ గొట్టం పేలింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. లేచి నిలబడితే అందరి నోళ్ళూ కదులుతున్నాయి, చప్పుడు లేదు. నేను నవ్వాను, వీళ్ళు నాతో ఆటలాడుతున్నారనుకుని. కింది ఊళ్ళో డాక్టర్ ఒక చెవి పూర్తిగా పోయిందని, రెండోదాంట్లో పెద్ద శబ్దాల అదురు తప్ప మిగలలేదని రాసి చూపించాడు. కేంద్రంవాళ్ళు ఉద్యోగం తీసేయలేదు, స్టోరు గదికి మార్చారు. బయట ఎవరికీ, బండి డ్రైవర్‌కు కూడా చెప్పొద్దని అందరినీ బతిమాలాను. ఫోన్ మోగేది నాకు తెలియదు. అక్క ఫోన్ చేసిన రోజు రిసీవర్ నా చెవికి ఆనించారు. చెవిలో చీమ పాకినంత కూడా లేదు. అక్క గొంతు నాకు వినపడని రోజు ఒకటి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నీకు చెప్పడానికి భయం వేసింది. నన్ను వదిలేస్తావని కాదు. నువ్వు మాట్లాడడం మానేస్తావని. ఉన్న నాలుగు మాటలూ నా ఒక్కడితోనే మాట్లాడతావు. వాటి కోసం నేను తల వంచితే, నువ్వు నా చెవి పక్కన చెప్పేదానివి. ఇప్పుడు తల వంచితే ఏముంటుంది? నీ పెదవులు కూడా సరిగ్గా కదలవు, చూసి తెలుసుకోవడానికి.

కళ్ళద్దాలాయన జాలిపడి ఈ దారి చూపించాడు. మాట్లాడితే విని, తెర మీద అక్షరాలుగా రాసే ప్రోగ్రామ్ ఉంది. కానీ అది గట్టి గొంతులకే పలుకుతుంది. నీ గొంతును దానికి విడిగా నేర్పాలి, అందుకే ఆ వాక్యాలు. అవి నేనే రాశాను. ఇంటికి వచ్చాక ఎవరైనా నాకు చెప్పి తీరాల్సిన మాటలు ఏవని ఆలోచించి రాశాను. ‘నాకేం అభ్యంతరం లేదు’ అన్నది ఎందుకు పెట్టానో నీకు తెలుసు, రోజుకు పదిసార్లు అంటావు. యంత్రం నీ మాట పట్టుకునేదాకా ఇంటికి రాకూడదనుకున్నాను. వచ్చిన రోజే నీకు జవాబు చెప్పగలిగి, అప్పుడు నిదానంగా చెబుదామనుకున్నాను.

మూట విప్పాను. మైకులో నుంచి వచ్చిన గొంతు తెర మీద కొండలు లోయలుగా గీతలు గీస్తుంది. నేను ఆ గీతలు చూశాను. చాలా ఎత్తుగా ఉన్నాయి. కళ్ళద్దాలాయన, ‘మీ ఆవిడ గొంతు ఖంగుమంటోందే’ అని కాగితం మీద రాశాడు. నాకు అనుమానం రాకపోలేదు. కానీ నువ్వు నాకోసం గొంతు పెంచావేమో అనుకున్నాను. అలా అనుకోవడం బాగుంది. తర్వాత కళ్ళు మూసుకుని, నాకు గుర్తున్న నీ గొంతు విని, ఆ ఉత్తరం రాశాను. అబద్ధమే. కానీ వేరే ఎవరి గొంతూ అందులో లేదు.

యంత్రం ఇప్పుడు అక్క మాటలు బ్రహ్మాండంగా పట్టుకుంటోందట. ఏం చేస్తాం.

నీ,
ఇంజనాయన

*

ప్రియమైన మీకు, మీరు చదవగలరు కనుక అన్నీ రాస్తాను,

ముందు వదిన సంగతి. ఉత్తరం నేనే చదివి వినిపించాను. ‘అక్క గొంతు’ అన్నచోట ఆపమని చెయ్యి ఎత్తింది. తర్వాత, “నా గొంతుకు కూడా అందనంత దూరం పోయాడా వాడు,” అంది. ఆ మాట మాత్రం నాకంటే మెల్లగా అంది, నేనే తల వంచి వినాల్సి వచ్చింది. మర్నాడు మార్కెట్‌కు వెళ్ళలేదు. సాయంత్రానికి తేరుకుని వచ్చి, తన గొంతు యంత్రంలోంచి తీయడానికి వీల్లేదని, తీస్తే తమ్ముణ్ణి తిట్టేదెలాగని కూర్చుంది. ‘ఏవండీ’ ఉన్నచోటల్లా ‘ఒరేయ్’ పెట్టి అన్ని వాక్యాలూ మళ్ళీ చదివింది. “ఒరేయ్, వెనక బండి వస్తోంది” అని ఆవిడ చదివితే, వీధిలో సైకిల్ మీద పోతున్న ఒకాయన నిజంగానే పక్కకు జరిగాడు.

తర్వాత గుడ్డ తీసి, వదినను వాళ్ళ వాటాలోకి పంపి, తలుపు వేసుకుని నేను కూర్చున్నాను.

మొదటి వాక్యం చదివాను. గీత కదలలేదు. నీళ్ళు నిలిచిన గుంటలా ఉంది తెర. మీ కొండలు లోయలు నా దగ్గర లేవు. మళ్ళీ చదివాను, చిన్న అల లేచింది. నాకు ఎంత కోపం వచ్చిందో. ఇన్నాళ్ళూ మీరు తల వంచితే నేను మాట్లాడాను. సగం మాట నేను చెబితే మిగతా సగం దూరం మీరు వచ్చి తెచ్చుకున్నారు. ఇప్పుడు మీరు రాలేరు. ఆ సగం కూడా నేనే వెళ్ళాలి.

కిటికీ కూడా మూసి, “ఏవండీ,” అన్నాను. గట్టిగా. నా జన్మలో అంత గట్టిగా ఎవరినీ పిలవలేదు. గీత పైదాకా లేచింది. కింద దర్జీగారు మిషన్ ఆపి, మెట్ల మీదకు వచ్చి, ఎవరైనా పిలిచారా అమ్మా అని అడిగారు. పిలిచాను గాని మిమ్మల్ని కాదన్నాను. ఒక్కసారికే ఆయనకు వినపడింది.

అన్నీ చదివాను. ‘నాకేం అభ్యంతరం లేదు’ మాత్రం చదవలేదు. దాని బదులు ‘నాకు అభ్యంతరం ఉంది’ అని చదివాను. మీరు సెలవు వాయిదా వేయడానికి, నాకు చెప్పకుండా దాచడానికి, నా గొంతు గురించి మీరే తీర్పు చెప్పేసుకోవడానికి. ఇకమీదట ఆ వాక్యమే నాకు ఎక్కువ పనికొస్తుంది.

మూట కట్టాను. మూట డ్రైవర్‌తో వస్తోంది. ఈసారి ముద్ర నేను తీసి, ఈ కాగితం వెనక రాసి పోస్టులో వేస్తున్నాను. సరిచూసుకోండి. కలిసిందంటే అది నా గొంతే, ఎవరూ మార్చలేదు. విప్పకముందు t పెట్టి చూడండి. మీరు పంపిన వాక్యాలకంటే చివర ఒకటి ఎక్కువ కనిపిస్తుంది. అది మీ వాక్యాల్లోది కాదు, నాది. మీ చెవి పక్కన కూడా ఎప్పుడూ అనలేదు, సిగ్గేసి. కళ్ళద్దాలాయన పక్కన లేనప్పుడు యంత్రానికి ఇచ్చి, అక్షరాలుగా చదువుకోండి.

యంత్రం దాన్ని సరిగ్గా రాస్తే ఆ వారం బండిలోనే వచ్చేయండి. తప్పుగా రాసినా ఆ బండిలోనే వచ్చేయండి, ఇక్కడ మళ్ళీ చెబుతాను. వచ్చాక ఏం మాట్లాడాలో అని దారిపొడవునా తయారవ్వకండి. అంతా సవ్యంగా ఉంటే ఏమీ అనక్కర్లేదని మీరే నేర్పారు.

తలుపు మాత్రం కొట్టండి. నాకు వినపడుతుంది.

మీ,
గుసగుస